మూడు మానిటర్లా, ఒకే వెడల్పు మానిటరా? మల్టీ స్క్రీన్ గేమింగ్‌కు ఏది కొనాలి, ఏ కార్డు వేయాలి

యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 అనే బండి నడిపే కంప్యూటర్ ఆటలో ఆర్టీసీ బస్సు మాడ్ (ఆటకు విడిగా కలుపుకునే ఫైలు) వేసుకుని బస్టాండ్‌లో బండి మలుపుతున్నారనుకోండి. ఎడమ అద్దం చూడాలంటే మౌస్‌తో తల తిప్పాలి. తిప్పితే ముందు రోడ్డు కనబడదు. ఈ ఇబ్బంది పడ్డవాళ్లే ఎక్కువగా రెండో మానిటర్, మూడో మానిటర్ గురించి ఆలోచిస్తారు. వెంటనే అడిగే ప్రశ్న "ఏ గ్రాఫిక్స్ కార్డు కొనాలి?" అని. ఆ ప్రశ్న చివరిది. ముందు ఆటలేంటో తేలాలి, తర్వాత బల్ల ఎంతుందో కొలవాలి, దాన్నిబట్టి మానిటర్, మానిటర్‌ను బట్టి కార్డు. ఈ వరుస తప్పినవాళ్లే పైసలు రెండుసార్లు పెడతారు.

## ముందు ఆటల సంగతి

మూడు తెరల మీద ప్రతి ఆటా బాగుండదు. మూడు 16:9 (వెడల్పు 16 పాళ్లు, ఎత్తు 9 పాళ్లు) మానిటర్లను కలిపితే తెర నిష్పత్తి 48:9 అవుతుంది. మూడు తెరల కోసం ప్రత్యేకంగా తయారైన ఆట ప్రతి మానిటర్‌కూ వేరే కోణం నుంచి బొమ్మ గీస్తుంది. ఐరేసింగ్, అసెట్టో కోర్సా, యూరో ట్రక్ సిమ్యులేటర్ 2 ఇలాంటివి. పక్క మానిటర్ ఎంత డిగ్రీలు తిరిగి ఉందో, మీ కన్ను ఎంత దూరంలో ఉందో ఐరేసింగ్ అడిగి మరీ లెక్క కడుతుంది. ఆ సౌకర్యం లేని ఆట మూడింటినీ ఒకే చదునైన పొడుగు తెర అనుకుంటుంది. అప్పుడు పక్క మానిటర్లలో చెట్లు లావెక్కుతాయి, కరెంటు స్తంభాలు వాలిపోతాయి, పక్క నుంచి దాటే కారు లారీ అంత పొడుగు సాగుతుంది. గంట ఆడితే తల తిరుగుతుంది.

ఇంకొన్ని ఆటలు అసలు వెడల్పు తెరను ఒప్పుకోవు. వాలరెంట్ అనే తుపాకీ ఆటలో కనబడే కోణం 103 డిగ్రీల దగ్గర బిగించి ఉంటుంది, తెర పెంచితే చూపు పెరగదు. ఎల్డెన్ రింగ్ 16:9 దాటి చూపించదు. మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్‌లో అదనపు కిటికీలు తెరిచి పక్క మానిటర్లకు పంపవచ్చు, కానీ తెరిచిన ప్రతి కిటికీకీ ఫ్రేములు (సెకనుకు తెర మీద మారే బొమ్మలు) బాగా పడిపోతాయి.

కాబట్టి నెలలో మీరు ఆడే గంటల్లో సగానికి పైగా స్టీరింగ్ మీదో, విమానంలోనో గడిస్తేనే మూడు మానిటర్లు. తుపాకీ ఆటలే ఎక్కువైతే వాటికి పెట్టే పైసలు ఒక మంచి మానిటర్ మీద పెట్టడం మేలు.

## పిక్సెళ్ల లెక్క

కార్డు మీద పడే బరువు ఇంచులతో పెరగదు, పిక్సెళ్లతో (తెర మీది చుక్కలతో) పెరుగుతుంది. 24 ఇంచుల 1080పీ, 27 ఇంచుల 1080పీ రెండూ కార్డుకు ఒకటే.

| ఏర్పాటు | రిజల్యూషన్ | పిక్సెళ్లు (లక్షల్లో) | 4కేతో పోలిస్తే |
|---|---|---|---|
| ఒక 1080పీ | 1920×1080 | 20.7 | 25 శాతం |
| ఒక 1440పీ | 2560×1440 | 36.9 | 44 శాతం |
| 34 ఇంచుల అల్ట్రావైడ్ | 3440×1440 | 49.5 | 60 శాతం |
| మూడు 1080పీ | 5760×1080 | 62.2 | 75 శాతం |
| 49 ఇంచుల సూపర్ అల్ట్రావైడ్ | 5120×1440 | 73.7 | 89 శాతం |
| ఒక 4కే | 3840×2160 | 82.9 | 100 శాతం |
| మూడు 1440పీ | 7680×1440 | 110.6 | 133 శాతం |

మూడు తెరల బెంచ్‌మార్కులు (కార్డు ఎన్ని ఫ్రేములు ఇస్తుందో కొలిచిన అంకెలు) వెతికితే దొరకడం కష్టం, 4కేవి ఎక్కడైనా దొరుకుతాయి. మీరు చూస్తున్న కార్డు 4కేలో మీ ఆటకు 60 ఫ్రేములు ఇస్తోందంటే, మూడు 1080పీ మీద 70 నుంచి 75 ఆశించవచ్చు. పిక్సెళ్ల లెక్క ప్రకారం 80 రావాలి, కానీ చూపు వెడల్పయ్యేసరికి గీయాల్సిన చెట్లు, ఇళ్లు, కార్లు కూడా పెరుగుతాయి. ఆ భారం ప్రాసెసర్ మీద కూడా పడుతుంది. ఆరేడేళ్ల కిందటి నాలుగు కోర్ల ప్రాసెసర్‌కు కొత్త కార్డు బిగించి, ఫ్రేములు ఎందుకు పెరగలేదని కార్డును తిట్టుకునేవాళ్లకు కారణం చాలాసార్లు ఇదే.

## మానిటర్లు: ఒక్కోటి చూద్దాం

మూడు 24 ఇంచుల 1080పీ. తక్కువ ఖర్చులో అసలైన మూడు తెరల అనుభవం ఇదే. ఒక్కో తెర వెడల్పు సుమారు 52.7 సెంటీమీటర్లు. కన్ను 60 సెంటీమీటర్ల దూరంలో ఉంటే ఒక్కో తెర 47 డిగ్రీలు ఆక్రమిస్తుంది, మూడూ కలిపి 140 డిగ్రీల పైనే. బస్సు రెండు అద్దాలూ తల తిప్పకుండా కనబడతాయి. పిక్సెళ్లు ఇంచుకు 92, ఆ దూరంలో సరిపోతాయి. 12 జీబీ, 16 జీబీ మెమరీ ఉన్న మధ్యరకం కార్డుతో నడుస్తుంది. లోటు ఎత్తులో ఉంది: తెర ఎత్తు 30 సెంటీమీటర్లు కూడా లేదు కాబట్టి పోస్టు డబ్బా సందులోంచి చూస్తున్నట్టు అనిపిస్తుంది. రేసింగ్‌కు అది పెద్ద ఇబ్బంది కాదు, విమానానికి ఇబ్బందే.

మూడు 27 ఇంచుల 1440పీ. సిమ్యులేటర్లే లోకంగా ఆడేవాళ్లకు ఇది అందమైన ఎంపిక. 60 సెంటీమీటర్ల దూరంలో 159 డిగ్రీల దాకా చూపు. మీటర్ల మీద అంకెలు, దూరంలో బ్రేకు బోర్డు స్పష్టంగా చదవగలరు. కానీ పైన పట్టిక చూడండి, ఇది 4కే కంటే మూడో వంతు ఎక్కువ బరువు. మానిటర్లు ఇప్పుడు కొని కార్డు తర్వాత చూద్దామనుకుంటే ఏడాది పాటు సెట్టింగులు దించుకుంటూ గడపాలి.

27 ఇంచుల 1080పీ మూడు తక్కువకు వస్తాయి కదా అని కొందరు అడుగుతారు. వద్దు. ఇంచుకు 82 పిక్సెళ్లే, 60 సెంటీమీటర్ల దగ్గర కూర్చుంటే గీతలు మెట్లుమెట్లుగా కనబడతాయి.

మూడు 32 ఇంచుల 1440పీ. ఇంచుకు 93 పిక్సెళ్లు, అంటే 24 ఇంచుల 1080పీ అంత నునుపే. ఎత్తు బాగుంటుంది. బల్ల మీద కాకుండా స్టీరింగ్ రిగ్ (సీటు, స్టీరింగ్, పెడళ్లు బిగించిన చట్రం) ముందు, 70 సెంటీమీటర్ల దూరంలో పెట్టుకునేవాళ్లకే ఇది. మామూలు అర్రలో మంచం, బీరువా ఉండగా పట్టదు.

34 ఇంచుల అల్ట్రావైడ్. అన్ని రకాలూ ఆడేవాళ్లకు మొదటి సలహా ఇదే. మధ్యలో నల్ల అంచులు లేవు, ఒకే కేబుల్, ఏ సెట్టింగూ అక్కర్లేదు. 65 సెంటీమీటర్ల దూరంలో సుమారు 63 డిగ్రీలు ఇస్తుంది. బస్సు ఎడమ అద్దం కనబడుతుంది, కుడి కిటికీ పూర్తిగా కనబడదు. ఇక్కడ పన్ను సంగతి ఒకటి ఉంది. 32 ఇంచులు దాటిన మానిటర్లకు జీఎస్టీ 28 శాతం ఉండేది, 2025 సెప్టెంబర్ 22 నుంచి 18 శాతానికి దిగింది. పాత ధరలు గుర్తుపెట్టుకుని అల్ట్రావైడ్‌ను పక్కన పెట్టినవాళ్లు మళ్లీ ఒకసారి లెక్క చూసుకోండి.

49 ఇంచుల సూపర్ అల్ట్రావైడ్. రెండు 27 ఇంచుల 1440పీ మానిటర్లను అంచు లేకుండా అతికించినంత, సుమారు 1.2 మీటర్ల వెడల్పు. చూడముచ్చటగా ఉంటుంది. అయితే ప్యానెల్ (బొమ్మ చూపించే తెర భాగం) పాడైతే మొత్తం పోయినట్టే. మూడు విడి మానిటర్లలో ఒకటి పోతే మిగతా రెండూ పనిచేస్తాయి. నల్లగొండలోనో గద్వాలలోనో ఉండి 49 ఇంచుల డబ్బా సర్వీస్ సెంటర్‌కు మోసుకుపోవడం ఎంత పనో ఆలోచించుకుని దిగండి.

ఒక మంచి మానిటర్, పక్కన పాతది. ఆట మధ్య తెరలోనే, పక్కదాంట్లో చాట్, యూట్యూబ్, లైవ్ పెట్టేవాళ్లకు ఓబీఎస్ (లైవ్ పంపే సాఫ్ట్‌వేర్). దీనికి పెద్ద కార్డు అక్కర్లేదు, పక్కది ఏ సైజైనా, ఏ కంపెనీదైనా పర్లేదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన 19, 22 ఇంచుల మానిటర్ చాలు. మూడు తెరలు కావాలనుకునేవాళ్లలో చాలామందికి నిజంగా కావాల్సింది ఇదే.

ప్యానెల్ విషయంలో ఒక్క మాట: మూడు పెట్టేవాళ్లు ఐపీఎస్ రకం ప్యానెల్ తీసుకోండి. వీఏ రకంలో నలుపు బాగుంటుంది కానీ తక్కువ ధరవాటిలో రాత్రి రోడ్ల మీద వేగంగా పోయేటప్పుడు నల్లటి మసక తోక కనబడుతుంది. వంపు మానిటర్లు మూడు కలపడం కూడా ఆలోచించి చేయాలి. ఆటలు తెర చదునుగా ఉందనుకుని లెక్క కడతాయి.

## గ్రాఫిక్స్ కార్డులు

ఆర్‌టీఎక్స్ పేరున్నవి ఎన్‌విడియా కంపెనీవి, ఆర్‌ఎక్స్ పేరున్నవి ఏఎండీవి.

| కార్డు | మెమరీ | కరెంటు | కంపెనీ చెప్పే పవర్ సప్లై | దేనికి సరి |
|---|---|---|---|---|
| ఆర్‌టీఎక్స్ 5060 | 8 జీబీ | 145 వాట్లు | 550 | ఒక 1440పీ, పక్కన పాతది |
| ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ | 16 జీబీ | 160 | 450 | మూడు 1080పీ, 34 ఇంచులు |
| ఆర్‌టీఎక్స్ 5060 టీఐ | 16 జీబీ | 180 | 600 | మూడు 1080పీ, 34 ఇంచులు |
| ఆర్‌టీఎక్స్ 5070 | 12 జీబీ | 250 | 650 | మూడు 1080పీ ఎక్కువ ఫ్రేములతో, 49 ఇంచులు |
| ఆర్‌ఎక్స్ 9070 | 16 జీబీ | 220 | 650 | 49 ఇంచులు, సెట్టింగులు తగ్గించి మూడు 1440పీ |
| ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీ | 16 జీబీ | 304 | 750 | మూడు 1440పీ |
| ఆర్‌టీఎక్స్ 5070 టీఐ | 16 జీబీ | 300 | 750 | మూడు 1440పీ |

మూడు తెరలకు 8 జీబీ కార్డు కొనొద్దు. మెమరీ నిండితే ఫ్రేములు నెమ్మదిగా తగ్గవు. ఉన్నట్టుండి తెర ఆగి ఆగి కదులుతుంది, మలుపులో బండి గోడకు తగులుతుంది. పాత మదర్‌బోర్డున్నవాళ్లకు ఇంకా చేటు. ఆర్‌టీఎక్స్ 5060, 5060 టీఐ కార్డులు పీసీఐఈలో (కార్డును మదర్‌బోర్డుకు కలిపే దారిలో) ఎనిమిది లేన్లే వాడతాయి. బోర్డు పీసీఐఈ 3.0 అయితే మెమరీ పొంగినప్పుడు ఆ ఇరుకు దారిలోంచే సరుకు రావాలి. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీకి పదహారు లేన్లున్నాయి, పాత బోర్డు మీద అదే నయం.

ఆ కార్డుకు ఒక మెలిక ఉంది. ఎక్కువ మోడళ్లలో వెనక మూడే పోర్టులు: రెండు డిస్‌ప్లే పోర్ట్, ఒక హెచ్‌డీఎంఐ. మూడు మానిటర్లకు అవి సరిపోతాయి, నాలుగోదానికి చోటుండదు. ఎన్‌విడియా కార్డుల్లో మామూలుగా మూడు డిస్‌ప్లే పోర్ట్‌లు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. కొనే మోడల్ వెనక వైపు ఫొటో చూసి లెక్కపెట్టుకోండి.

ఎన్‌విడియానా, ఏఎండీనా? మూడింటినీ ఒకటిగా కలిపే పద్ధతిని ఎన్‌విడియా సరౌండ్ అంటుంది, ఏఎండీ ఐఫినిటీ అంటుంది. సరౌండ్‌కు మూడు మానిటర్ల రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు (సెకనుకు తెర ఎన్నిసార్లు మారుతుందో, హెర్ట్జ్‌లో చెప్తారు) ఒకటే ఉండాలి. ఐఫినిటీ కొంత సర్దుకుపోతుంది. లైవ్ పెట్టేవాళ్లకు, ఐరేసింగ్ ఎక్కువ ఆడేవాళ్లకు ఎన్‌విడియా వైపు మొగ్గు. అదే ధరకు మెమరీ ఎక్కువ కావాలంటే ఏఎండీ.

## ఎక్కడ తేడా కొడుతుంది

సరౌండ్ ఆన్ కాకపోతే ముందు కేబుల్ వెనకాలే పొండి. మూడో మానిటర్‌ను మదర్‌బోర్డ్ హెచ్‌డీఎంఐకి పెట్టి ఉంటారు. విండోస్‌లో మూడూ కనబడతాయి, సరౌండ్‌లో మాత్రం రెండే చూపిస్తుంది. మూడూ కార్డుకే ఉండాలి.

రెండోది, రెండు డిస్‌ప్లే పోర్ట్‌కు, ఒకటి హెచ్‌డీఎంఐకి పెట్టడం. 1440పీ 180 హెర్ట్జ్ అని రాసి ఉన్న చాలా మానిటర్లలో హెచ్‌డీఎంఐ 2.0 ఉంటుంది, ఆ దారిలో 144 దాకే వస్తుంది. ఒకటి 144, రెండు 180 ఉంటే కలవవు. వీలైతే మూడూ డిస్‌ప్లే పోర్ట్ మీదే పెట్టండి, లేకపోతే మూడింటినీ 120కో 144కో దించండి. డబ్బాలో హెచ్‌డీఎంఐ కేబులే ఇచ్చే కంపెనీలున్నాయి. డిస్‌ప్లే పోర్ట్ కేబుళ్లు మూడు విడిగా కొనే ఖర్చు ముందే లెక్కలో వేసుకోండి.

కలిపాక బెజెల్ కరెక్షన్ (తెరల నల్ల అంచుల వెడల్పును లెక్కలో వేయడం) చేయడం మరవొద్దు. చేయకపోతే రోడ్డు మీది తెల్ల గీత మధ్య తెర అంచు దగ్గర ఆగి, పక్క తెరలో ఒక వేలెడు పైనో కిందో మొదలవుతుంది. సెటప్‌లో ఏటవాలు గీత ఒకటి చూపిస్తుంది, అది రెండు తెరల మీదుగా తిన్నగా పోయేదాకా అంకె పెంచాలి.

## బల్ల, స్టాండు

పక్క మానిటర్లు తిప్పి పెడతాం కాబట్టి మూడు వెడల్పులు కూడాల్సిన పనిలేదు. ఆ చివరి నుంచి ఈ చివరికి 24 ఇంచులవి సుమారు 125 సెంటీమీటర్లు, 27వి 133, 32వి 155 తీసుకుంటాయి. పక్కవి ముందుకు కూడా వస్తాయి: 24వి దాదాపు 39 సెంటీమీటర్లు, 27వి 48. నాలుగడుగుల బల్ల అంటే 122 సెంటీమీటర్లు, 24 ఇంచులవి అంచు దాటి కొద్దిగా బయటికి వస్తాయి. ఐదడుగుల బల్ల ఉంటే 27వి హాయిగా కూర్చుంటాయి.

మానిటర్‌తో వచ్చే కాళ్లు ఒకదానికొకటి అడ్డం పడి తెరల మధ్య సందు మిగులుతుంది. మూడు చేతుల స్టాండు కొనాలి, లేకపోతే ఊళ్లోనే వెల్డింగ్ షాపులో చేయించుకోవచ్చు. ఒకటిన్నర ఇంచు సెక్షన్ పైపు చాలు. మధ్యలో అడ్డ పైపు, రెండు చివర్ల పక్క చేతులు తలుపు బందుల్లా తిరగాలి. ఆ బందు మధ్య మానిటర్ అంచుకు దగ్గరగా రావాలి, దూరమైతే తిప్పినప్పుడు సందు తెరుచుకుంటుంది. మానిటర్ వెనక రంధ్రాల మధ్య దూరం 75 లేదా 100 మిల్లీమీటర్లు ఉంటుంది, కొలిచి ఇవ్వండి. ప్లేటుకు గుండ్రటి రంధ్రాలు వద్దు, నిలువుగా రెండు సెంటీమీటర్ల పొడుగు గాళ్లు కోయించండి. మూడింటి ఎత్తు సరిచేయడానికి అవే దిక్కు. నాలుగు మిల్లీమీటర్ల బోల్టులు, 10 మిల్లీమీటర్ల పొడుగు సరిపోతాయి. పొడుగు బోల్టు బిగిస్తే లోపల బోర్డు పగులుతుంది. వెనక రంధ్రాలే లేని మానిటర్లూ అమ్ముతారు, అవి తీసుకోవద్దు.

## కరెంటు, ఎండ

5070 కార్డు, మూడు 27 ఇంచుల మానిటర్లు, ప్రాసెసర్ కలిపి ఆటలో సుమారు 450 వాట్లు. రోజుకు నాలుగు గంటలు ఆడితే నెలకు 54 యూనిట్లు. తెలంగాణ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వచ్చే ఇళ్లు దీన్ని ముందే చూసుకోవాలి. 200 యూనిట్లు దాటిన నెల బిల్లు కట్టాల్సి వస్తుంది, ఎండకాలంలో కూలర్, ఫ్రిజ్ తోడైతే దాటడం తేలిక. 160 వాట్ల కార్డు, 24 ఇంచుల మానిటర్లు అయితే ఇదే వాడకం 40 యూనిట్ల చుట్టూ ఉంటుంది.

ఎండకాలం నల్లగొండ, పాలమూరు అర్రల్లో 450 వాట్లు అంటే చిన్న హీటర్ వెలిగించినట్టే. కూలర్ గాలి తడిగా ఉంటుంది కాబట్టి దాన్ని కేబినెట్‌కు ఎదురుగా పెట్టొద్దు, మనిషి మీదికి తిప్పుకోండి. కేబినెట్ గోడకు ఒక జానెడు ఎడంగా ఉండాలి.

యూపీఎస్ దగ్గర చాలామంది పొదుపు చేస్తారు: పీసీ, మధ్య మానిటర్ యూపీఎస్‌కు, పక్కవి మామూలు స్విచ్‌బోర్డుకు. కరెంటు పది సెకన్లు పోయినా పక్క మానిటర్లు తెగిపోతాయి, సరౌండ్ విడిపోతుంది, ఆట మూసుకుపోవచ్చు. మూడూ యూపీఎస్ మీదే ఉండాలి. 600 వీఏ (యూపీఎస్ సామర్థ్యం చెప్పే కొలత) యూపీఎస్ ఇచ్చేది సుమారు 360 వాట్లే. 1000 వీఏకి తగ్గొద్దు, దాని మీద కొన్ని నిమిషాలు వస్తాయి, సేవ్ చేసి మూయడానికి అది చాలు. కేబినెట్ ముట్టుకుంటే చురుక్కుమంటే ఇంట్లో ఎర్తింగ్ లేదన్నమాట. కార్డు కొనకముందే ఎలక్ట్రీషియన్‌ను పిలిచి అది సరిచేయించండి.

## ఎవరికి ఏది

స్టీరింగ్ ఉంది, ట్రక్కు, రేసింగ్ ఆటలే ఎక్కువ, బల్ల నాలుగు నుంచి ఐదడుగులు: మూడు 24 ఇంచుల 1080పీ ఐపీఎస్, ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ 16 జీబీ లేదా 5060 టీఐ 16 జీబీ. జిల్లాల్లో ఎక్కువమందికి నప్పేది ఇదే. ఇందులో మంచి సంగతేంటంటే రేపు 5070 టీఐ వేసుకున్నా మానిటర్లు వృథా కావు.

కథల ఆటలు, తుపాకీ ఆటలు, అప్పుడప్పుడు ట్రక్కు: 34 ఇంచుల అల్ట్రావైడ్, అవే కార్డులు.

చదువుకునే పిల్లలు, లైవ్ పెట్టేవాళ్లు, ఒకే అర్రలో పనీ ఆటా నడిపేవాళ్లు: ఒక 27 ఇంచుల 1440పీ, పక్కన పాత మానిటర్, 5060. మిగిలిన పైసలు కుర్చీకో ర్యామ్‌కో.

రిగ్ బిగించుకున్నవాళ్లు, సిమ్ రేసింగ్‌లో గంటలు గడిపేవాళ్లు: మూడు 27 లేదా 32 ఇంచుల 1440పీ, 9070 ఎక్స్‌టీ లేదా 5070 టీఐ, 750 వాట్ల పవర్ సప్లై. ఇంతకంటే తక్కువ కార్డు వేస్తే సెట్టింగులు దించుకోవాలి.

## కొనేటప్పుడు

మూడు మానిటర్లూ ఒకే మోడల్, ఒకేసారి, ఒకే దుకాణంలో కొనండి. ఆరు నెలల తర్వాత అదే మోడల్ దొరికినా ప్యానెల్ మారి ఉండవచ్చు. మధ్య తెర తెల్లగా, పక్కది పసుపుగా కనబడితే ఎంత సరిచేసినా కుదరదు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌కు పోయి తెచ్చుకునేవాళ్లు బస్సెక్కకముందే మూడు డబ్బాలూ అక్కడే విప్పించండి. మూడింటినీ పక్కపక్కన పెట్టించి, తెర నిండా తెలుపు, నలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటి పెట్టి చూడండి. తెలుపులో రంగు తేడా, నలుపులో మూలల నుంచి కారే వెలుతురు, మిగతా రంగుల్లో చచ్చిన పిక్సెల్ తెలుస్తాయి. వెనక రంధ్రాలు, డిస్‌ప్లే పోర్ట్ చేత్తో తడిమి చూడండి. బిల్లు మీద మూడు సీరియల్ నంబర్లూ వేరువేరుగా రాయించుకోండి. డబ్బాలు, లోపలి థర్మాకోల్ వారంటీ అయిపోయేదాకా అటక మీద దాచండి. సర్వీస్‌కు పంపాల్సి వస్తే వేరే డబ్బాలో పెట్టిన ప్యానెల్ దారిలోనే పగులుతుంది.